పాసింజరు ఎక్కడుందండీ?

(సర్ ఆర్థర్ కాటన్ స్మారకోపన్యాసం, కడియం, మే 15)



కాటన్ దొర జయంతినాడు ఆనకట్ట గురించో కాలవల గురించో మాట్లాడటం మన వైపు ఆనవాయితీ. నేనివాళ రైలు గురించి మాట్లాడదలచుకున్నాను. కాటన్‌కు రైలంటే గిట్టదని మనలో చాలామంది అనుకుంటాం. ఆ మాటలో సగమే నిజం. 1837లో మద్రాసు దగ్గర రెడ్ హిల్స్ నుంచి రోడ్లకు రాయి తోలడానికి ఒక రైలుదారి పడింది. ఆ ఆలోచన కెప్టెన్ కాటన్‌దే. మన దేశంలో మొట్టమొదటి రైలుదారిగా చరిత్రలు రాసినవాళ్లు చెప్పేది దాన్నే. తర్వాత 1845లో ధవళేశ్వరంలో ఆనకట్ట పని కోసం, మళ్లీ రాయి మోయడానికే, ఇంకో రైలుదారి వేయించారు. బొంబాయి నుంచి ఠాణాకు జనం ఎక్కిన మొదటి బండి నడిచింది 1853 ఏప్రిల్ 16న. దానికి ఎనిమిదేళ్ల ముందే మన పక్క ఊళ్లో పట్టాల మీద బళ్లు దొర్లాయన్నమాట.

మరి ఆయన దేనికి అడ్డుచెప్పారు? 1876లో మొదలైన పెద్ద కరువులో దక్షిణాదిన లక్షల మంది పోయాక, 1878లో లండన్‌లో కామన్స్ సభ వేసిన సెలెక్ట్ కమిటీ ముందు కాటన్ సాక్ష్యం చెప్పారు. అప్పటికి ఆయనకు డెబ్భయ్యయిదేళ్లు. రైళ్ల మీద కుమ్మరిస్తున్న సొమ్ములో కొంతైనా కాలవల మీద పెట్టండని వాదించారు. సామాన్యుడి ధాన్యం, సామాన్యుడి ప్రయాణం ఎంత చవగ్గా, ఎంత పెద్ద ఎత్తున సాగుతాయన్నదే ఆయన లెక్క. వేగం ఆ తర్వాతి సంగతి. కమిటీ ఆయన మాట వినలేదు. ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే బెజవాడ నుంచి పైకి పట్టాలు పరిచింది. రాజమండ్రి దగ్గర యాభయ్యారు స్పాన్ల హేవలాక్ వంతెన కట్టారు. కాటన్ ఆనకట్టకు ఎగువన గోదావరి మీద రైలు నడవడం మొదలైంది.

పడవలా రైలా అన్న తగువు కాలమే తీర్చేసింది. ఇవాళ కాలవలో పడవ ఎక్కి కాకినాడ వెళ్లేవాళ్లు లేరు. కానీ సామాన్యుడి ప్రయాణం ఎలా సాగుతోందన్న ఆయన ప్రశ్న ఇంకా తీరలేదు. ఆ ప్రశ్నను మన కడియం స్టేషనుకు తీసుకొచ్చి నిలబెట్టడానికే ఈ ప్రసంగం.

కాలవ పద్ధతిలో ఒక నియమముంది. ఈ సభలో ఉన్న రైతులకు నేను చెప్పనక్కర్లేదు. లాకుల దగ్గర నిండుగా ఉన్నంత మాత్రాన కాలవ బాగా పారుతోందని ఎవరూ ఒప్పుకోరు. శివారు చేలకు అందిందా లేదా అన్నదే లెక్క. రబీలో ఎద్దడి వస్తే వంతు పెడతారు. ఎవరి వంతు ఏ రోజో ముందే చెబుతారు. వేసవిలో కాలవలు కట్టేసే తేదీని వారాల ముందే ప్రకటిస్తారు. నీరు కాస్త తక్కువైనా, ఎప్పుడొస్తుందో తెలిస్తే రైతు నారుమడి సర్దుకుంటాడు, కూలీలను సర్దుకుంటాడు. తెలియకపోతే వచ్చిన నీరు కూడా అక్కరకు రాదు. రైల్వేలో మన కడియం శివారు చేను. ద్వారపూడి, బిక్కవోలు, మేడపాడు అన్నీ శివారు చేలే. బండి నడపడం ఒక బాధ్యత అయితే, ఆ బండి నిజంగా ఎప్పుడొస్తుందో చిన్న స్టేషన్లో నిలబడ్డ మనిషికి చెప్పడం అంతే బరువున్న బాధ్యత. రైల్వే పనితనాన్ని కొలిస్తే ఇక్కడ, ఈ ప్లాట్‌ఫారం మీద కొలవాలి.

ఇక్కడ రైలెక్కేది ఎవరు? కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, జేగురుపాడు నర్సరీల మొక్కలు లారీల్లో దేశమంతా పోతాయి. వాటికి హైవే ఉంది. రైలు కావలసింది మనుషులకు. రాజమండ్రిలో చదివే పిల్లలు, కాకినాడ ఆసుపత్రికి వెళ్లే ముసలివాళ్లు, అనపర్తి వైపు నుంచి పనికొచ్చే ఆడవాళ్లు, అన్నవరం మొక్కున్న కుటుంబాలు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక ఇంకో మార్పు కూడా వచ్చింది. అంతవరకూ కలెక్టరాఫీసు పనంటే సామర్లకోట మీదుగా కాకినాడ వెళ్లేవాళ్లం. ఇప్పుడు జిల్లా కేంద్రం పక్క స్టేషను రాజమండ్రే. జనం వెళ్లే దిక్కు మారింది, పని వేళలు మారాయి. ఆఫీసులు తెరిచే వేళకు చేర్చి, మూసే వేళకు తిరిగి తెచ్చే బళ్లున్నాయా అని టైంటేబుల్ వేసేవాళ్లు చూడవలసిన అవసరం అప్పుడే వచ్చింది.

మనకు ఆగేవి ఎక్కువగా పాసింజర్లు, మెమూలే. 2023 జనవరిలో సికింద్రాబాద్, విశాఖల మధ్య వందేభారత్ మొదలైంది. మన ప్లాట్‌ఫారం మీదుగానే దూసుకుపోతుంది. దాని మీద నాకు ఏ పేచీ లేదు. దూరం వెళ్లేవాళ్లకు వేగం కావాలి. అయితే ఆ వేగానికి దారి ఇవ్వడం కోసం పక్కనుండే లూపు లైనులో నిలబడేది మన పాసింజరు. ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

ముందు టికెట్ సంగతి. 2020 మార్చిలో కరోనాకు బళ్లన్నీ ఆగిపోయాయి. తిరిగి వచ్చినప్పుడు పాసింజర్లు పాసింజర్లుగా రాలేదు. ఎక్స్‌ప్రెస్ స్పెషల్ అన్న పేరుతో వచ్చాయి. అవే పెట్టెలు, అవే పట్టాలు, దాదాపు అదే నడక. కనీస ఛార్జీ మాత్రం 10 రూపాయల నుంచి 30కి పెరిగింది. సీజన్ టికెట్లు చాలాకాలం చెల్లలేదు. చిన్న స్టేషన్లలో ఆగే బళ్లు చాలాచోట్ల తగ్గిపోయాయి. రోజూ రాజమండ్రి వెళ్లి వచ్చే పిల్లవాడికి 20 రూపాయల ఖర్చు 60 అయింది. నెలకు పాతిక రోజులు వేసుకున్నా వెయ్యి రూపాయలు అదనం. కూలి చేసే ఇంట్లో వెయ్యి రూపాయలంటే ఏమిటో ఈ సభకు తెలుసు. 2024 ఫిబ్రవరి చివర్లో పాత ఛార్జీ తిరిగొచ్చింది. దాదాపు నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లలో ఆటోకో, మోటారు సైకిలుకో అలవాటుపడ్డ మనిషి మళ్లీ స్టేషను మెట్లెక్కుతాడా? ఎక్కేదాకా ఆ స్టేషన్లో టికెట్లు తక్కువే అమ్ముడవుతాయి. తక్కువ అమ్ముడవుతున్నాయి కాబట్టి ఇంకో బండి ఆపడం దండగ అంటారు. కాటన్ 1878లో భయపడింది ఇలాంటి లెక్కకే.

నంబర్ల గందరగోళం ఇంకొకటి. ఆ స్పెషల్ బళ్లకు ముందు సున్నా తగిలించారు. గోడ మీద ఒక నంబరు, ఫోన్లో ఇంకోటి, జనం నోట్లో ఉన్నది మూడోది. 2025 జనవరి 1న పాసింజర్లకు మామూలు నంబర్లు తిరిగి ఇచ్చారు. మంచి పని. కానీ అయిదంకెల నంబరు మన వైపు ఎవరు గుర్తుపెట్టుకుంటారు? ‘పొద్దుటి పాసింజరు’, ‘మధ్యాహ్నం మెమూ’ అంటాం. ఎంక్వయిరీ వ్యవస్థకు ఆ పేర్లు తెలియవు.

ఇప్పుడు అసలు విషయం. చిన్న స్టేషన్లో మాస్టరుగారి గది కిటికీ ఎప్పుడైనా గమనించండి. లోపల ప్యానెల్ బోర్డు, రిజిస్టర్లు, కంట్రోల్ ఫోను. బయట ఊచలు పట్టుకుని ఓ పెద్దాయన. “పాసింజరు ఎక్కడుందండీ?” “కొవ్వూరు దాటిందండి.” అంతే, పెద్దాయన మొహం తేటపడుతుంది. ఆ ఒక్క మాటతో ఆయన మిగతాదంతా కట్టుకుంటాడు. కొవ్వూరు దాటితే వంతెన, ఆ తర్వాత గోదావరి స్టేషను, రాజమండ్రిలో కాసేపు, తర్వాత మనమే. టీ తాగి రావచ్చు. ఆయన వెనక్కి తిరిగి బెంచీ మీద ఉన్న ఆడవాళ్లకు చెబుతాడు. వాళ్లు అవతలి చివర నిలబడ్డ పిల్లలకు చెబుతారు. రెండు నిమిషాల్లో ప్లాట్‌ఫారం అంతటికీ తెలిసిపోతుంది. ఆ సమయానికి మాస్టరుగారు ఏ గూడ్సుకో సిగ్నల్ ఇస్తూ ఉంటే మాత్రం పెద్దాయన అడగలేడు, ఎవరికీ తెలియదు. అడగడం మొహమాటమైన ఆడపిల్ల ఒక్కతే ఉంటే అసలు అడగదు. ఎండలో నిలబడుతుంది. సమాచారం ఆమెకు పది అడుగుల దూరంలో, గోడ అవతల ఉంది.

అది అక్కడికి ఎలా వస్తుందో చూడండి. బండి ఒక్కో స్టేషను దాటినప్పుడల్లా ఆ సమయం డివిజను కంట్రోలుకు చేరుతుంది. మనకైతే విజయవాడ. అక్కడ కంట్రోలరు ముందున్న కంప్యూటరు చార్టులో ప్రతి బండికీ ఒక గీత. ఆ చార్టులోంచే నేషనల్ ట్రెయిన్ ఎంక్వయిరీ సిస్టంకూ, 139 నంబరుకూ కబురు పోతుంది. ఈమధ్య ఇంజన్లకు ఇస్రో సహకారంతో తయారైన ఆర్‌టీఐఎస్ పరికరాలు పెడుతున్నారు. దాంతో ఇంజను ఎక్కడుందో మనిషి చెప్పకుండానే తెలుస్తుంది. బెంగళూరు కుర్రాళ్లు కట్టిన ‘వేర్ ఈజ్ మై ట్రెయిన్’ యాప్ సెల్ టవర్ల సాయంతో బండి జాడ పడుతుంది. 2018లో గూగుల్ దాన్ని కొనేసింది. 2025 జులైలో రైల్వే తన సేవలన్నీ ఒకచోట చేర్చి రైల్‌వన్ యాప్ తెచ్చింది. ఇన్ని ఉన్నాయి. అయినా లూపులో నిలబడ్డ పాసింజరు విషయంలో ఇవన్నీ మూగబోతాయి. బండి ఎక్కడుందో యాప్ చెబుతుంది. దాన్ని ఎప్పుడు వదులుతారో కంట్రోలరుకే తెలుసు. ‘వెనక సూపర్‌ఫాస్ట్ ఉంది, దాని వెనక ఇంకోటుంది, రెండూ దాటాక మీది’ అన్న నిర్ణయం అప్పటికే అయిపోయి ఉంటుంది. ఆ నిర్ణయం మాస్టరుగారి దాకా వస్తుంది. పెట్టెలో కూర్చున్న వాళ్లకూ, ముందు స్టేషన్లో ఎదురుచూసే వాళ్లకూ రాదు. నలభై నిమిషాలని ముందే చెబితే దిగి ఆటో పట్టుకునేవాడు ఉంటాడు, ఇంటికి ఫోను చేసుకునేవాడు ఉంటాడు, పరీక్ష ఉన్న పిల్ల ఇంకో దారి వెతుక్కుంటుంది. చెప్పకపోతే అందరూ తలుపుల దగ్గర నిలబడి సిగ్నల్ వైపే చూస్తుంటారు.

ఆలస్యం కొలిచే తీరు కూడా చిన్న స్టేషనుకు చేటే. మన దేశంలో బండి సమయపాలన లెక్కించేది ఆఖరి స్టేషన్లో. టైంటేబుల్ వేసేటప్పుడే ఆఖరి మజిలీకి ముందు కొన్ని నిమిషాలు అదనంగా కలుపుతారు. దారంతా వెనకబడ్డ బండి ఆ అదనంలో సర్దుకుని చివరికి సమయానికి చేరినట్టు రాయించుకుంటుంది. నడుమ కడియంలో అరగంట నిలబడ్డ జనం ఆ రికార్డులో ఎక్కడా కనబడరు. కాలవ ఇంజనీరు లాకుల దగ్గర కొలత చూసి శివారు పండిందని రాస్తే మనం ఊరుకుంటామా?

ఈ లెక్కను బ్రిటన్‌లో ఒకప్పుడు ఇలాగే వేసేవారు. దగ్గరి బండి అయిదు నిమిషాల్లోపు, దూరపు బండి పది నిమిషాల్లోపు ఆఖరి స్టేషను చేరితే సమయానికి వచ్చినట్టే. 2019 నుంచి వాళ్లు ‘ఆన్ టైం’ అనే కొలతకు మారారు. సమయం నమోదయ్యే ప్రతి స్టేషన్లోనూ, ఒక్క నిమిషం తేడాలోపు వచ్చిందా అని చూస్తారు. అలా చూడగానే అంకెలు దిగజారినట్టు కనిపించాయి. అయినా అవే అంకెలు అచ్చువేస్తున్నారు. డార్విన్ అనే ఒకే వ్యవస్థ నుంచి స్టేషను తెరలకూ, ఫోన్లకూ, వెబ్‌సైట్లకూ ఒకే మాట పోతుంది. ప్రయాణికుడికి సరైన సమాచారం సకాలంలో ఇవ్వడం అక్కడి రైలు కంపెనీల లైసెన్సు షరతుల్లో ఒకటి. చాలా కంపెనీల బళ్లలో పదిహేను నిమిషాలు దాటి ఆలస్యమైతే టికెట్ డబ్బులో కొంత వెనక్కిస్తారు.

అక్కడ అంతా సవ్యంగా ఉందని నేననడం లేదు. టికెట్ ధరలు భయంకరం. 2018 మే నెలలో టైంటేబుల్ మార్చినప్పుడు ఉత్తర ఇంగ్లండులోనూ లండన్ చుట్టుపక్కలా రోజుకు వందల బళ్లు రద్దయ్యాయి. విద్యుదీకరణ పనులు ఆలస్యం కావడం, డ్రైవర్ల శిక్షణ పూర్తి కాకపోవడం కారణాలు. విచారణ చేసిన రైలు నియంత్రణ సంస్థ, మొత్తం బాధ్యత ఎవరూ నెత్తిన వేసుకోలేదని తేల్చింది. అంతకు ముందు 1963లో బీచింగ్ అనే ఆయన నివేదికతో రెండు వేలకు పైగా స్టేషన్లు మూసేయాలన్నారు. స్టేషన్లో అమ్ముడైన టికెట్లే ఆ స్టేషను రాబడిగా చూశారు. వేరే ఊళ్లో టికెట్ కొని ఇక్కడికి వచ్చిన వాళ్లు లెక్కలోకి రాలేదన్న విమర్శ ఇప్పటికీ ఉంది. అప్పట్లో పోయిన దారుల్లో కొన్నింటిని మళ్లీ తెరవవలసి వచ్చింది. స్కాట్లండులో బోర్డర్స్ రైల్వే 2015లో, ఇంగ్లండులో ఓక్‌హాంప్టన్ దారి 2021లో. కడియం హాల్టు అడిగినప్పుడు మన పెద్దలు ఈ బీచింగ్ లెక్క గుర్తుపెట్టుకోవాలి. ఇక్కడ దిగేవాళ్లలో చాలామంది టికెట్ రాజమండ్రిలోనో కాకినాడలోనో కొంటారు. వాళ్లూ కడియం ప్రయాణికులే.

మూసిన దారి తెరవడమంటే ఏమిటో మనకూ తెలుసు. కాకినాడ నుంచి కోటిపల్లి దారి పట్టాలు రెండో ప్రపంచయుద్ధ కాలంలో పీకేశారు. తిరిగి రైలు నడిచింది 2004లో. అక్కణ్నుంచి అమలాపురం మీదుగా నరసాపురం దాకా పొడిగింపు 2000-01 బడ్జెట్లో మంజూరైంది. దాని కోసం పట్టుబట్టిన అప్పటి లోక్‌సభ స్పీకరు బాలయోగిగారు 2002 మార్చిలో పోయారు. పాతికేళ్లయినా కోనసీమ జనం రైలెక్కలేదు. ఆ కథ వేరే ఉపన్యాసానికి సరిపడా ఉంది.

కడియానికి కావలసినవి కోట్ల పనులు కావు. లోపలి గదిలో తెలిసినది బయటి ప్లాట్‌ఫారానికి తెలియాలి. తెర పెట్టగలిగితే తెర, లేకపోతే మైకు, అదీ లేకపోతే కిటికీ పక్కన నల్లబల్ల, సుద్దముక్క. ‘పొద్దుటి పాసింజరు నిడదవోలులో ఉంది, రెండు బళ్లు దాటాక వస్తుంది’ అని తెలుగులో రెండు ముక్కలు. మాస్టరుగారికి సిగ్నళ్ల పనే ఊపిరాడనివ్వదు. ఆ పని ఆయన నెత్తిన రుద్దడం అన్యాయం, ప్రమాదం కూడా. టికెట్ కౌంటరు మనిషికి అప్పగించవచ్చు, లేదా కంట్రోలు చార్టు నుంచే మైకులోకి తెలుగు మాట సూటిగా వచ్చే ఏర్పాటు చేయవచ్చు. ట్రాకు పనుల కోసం పాసింజర్లను రద్దు చేసే రోజులుంటాయి. పట్టాల భద్రత కన్నా ఏదీ ముఖ్యం కాదు. కాలవ కట్టేసే తేదీలాగా ఆ తేదీలూ ముందే తెలియాలి. స్టేషను గోడ మీద, గ్రామ సచివాలయంలో, కాలేజీ నోటీసు బోర్డులో తెలుగు కాగితం అంటించాలి. ఒక పాసింజరు రద్దయితే దాని వెనక ఎక్స్‌ప్రెస్ ఒకటి ఆ రోజుకు కడియంలో ఆగాలి. స్మార్ట్ ఫోను లేనివాడిని దృష్టిలో పెట్టుకుని ఏర్పాటు చేస్తే ఉన్నవాడికీ అది పనికొస్తుంది. ఈ వరస తిరగేస్తే లేనివాడు మిగిలిపోతాడు.

దీనికి గడువు కూడా దగ్గరపడింది. 2027లో గోదావరి పుష్కరాలు. 2015 జులై 14న, మొదటి రోజే రాజమండ్రి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగింది. ఆ రోజు పోయిన వాళ్ల ఇళ్లు ఈ జిల్లాలో, శ్రీకాకుళం దాకా ఉన్నాయి. పుష్కరాలకు రాజమండ్రి స్టేషను ఒక్కటే సరిపోదు. గోదావరి, కొవ్వూరు, మన కడియం కూడా జనాన్ని మోయాలి. ధవళేశ్వరం ఘాట్లు మనకు దగ్గర. ఏ బండి ఎప్పుడు, ఏ ప్లాట్‌ఫారానికి అన్నది తెలియని గుంపు ఎటు ఉరుకుతుందో ఎవరూ చెప్పలేరు. ఆ పన్నెండు రోజుల కోసం పెట్టే మైకులూ తెరలూ ఆ తర్వాత ఊడదీసుకుపోకుండా ఇక్కడే ఉంచమని ఇప్పుడే అడగాలి.

ఎవరిని అడగాలన్నది ఒక చిక్కు. 2019లో ప్రకటించిన దక్షిణ కోస్తా రైల్వే జోనుకు 2025 జనవరిలో విశాఖలో శంకుస్థాపన జరిగింది. విజయవాడ డివిజను ఆ జోనులో భాగం. జోను ఏదైనా డివిజను స్థాయిలో ప్రయాణికుల సలహా కమిటీ ఒకటి ఉంటుంది. దాని ముందుకు కోపంతో వెళితే ఒక మాట చెప్పి పంపేస్తారు. లెక్కతో వెళితే జవాబు చెప్పాలి. అందుకని ఈ ఊరి కాలేజీ పిల్లలకు, రోజూ బండెక్కే వాళ్లకు నాదొక విన్నపం. కౌంటరు పక్క టీ కొట్టులో ఒక నోటుపుస్తకం పెడదాం. ప్రతి పాసింజరూ టైంటేబుల్ ప్రకారం ఎప్పుడు రావాలి, నిజంగా ఎప్పుడొచ్చింది, ఎంతసేపు లూపులో ఉంది, ఎవరైనా చెప్పారా, ఎంతమంది ఎక్కారు, ఎంతమంది దిగారు. దిగిన వాళ్లను తప్పకుండా రాయండి. మూడు నెలల లెక్క పోగైతే ఒక నకలు విజయవాడ డీఆర్‌ఎం కార్యాలయానికి, ఒకటి రాజమండ్రి ఎంపీ గారికి, ఒకటి పుష్కరాల ఏర్పాట్లు చూసే కలెక్టరు గారికి పంపుదాం. పుస్తకం నేను తెచ్చాను. సభ అయ్యాక మొదటి వారం రాయడానికి ఇద్దరు పేర్లివ్వండి.